సిలిండర్ మీద తేదీ చూడకుండా సంతకం పెట్టకు

ధౌలా కువాన్,
ఢిల్లీ.

చిరంజీవి మేనల్లుడికి,

రాత్రి అక్క ఫోన్ చేసింది. పిండి డబ్బాలు తిప్పడానికి సెకండ్‌హ్యాండ్ పెట్రోలు బండి చూశావట. బయట షెడ్డులో చవగ్గా గ్యాసు కిట్టు పెట్టిస్తానంటున్నావట. లేదంటే హైబ్రిడ్ వచ్చేదాకా ఆగుతానంటున్నావట. విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

హైబ్రిడ్ మంచిదే, కాదనను. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి లాక్కుంటుంది. పొద్దున తొమ్మిదింటికి మన ధౌలా కువాన్ దగ్గర రింగు రోడ్డు మీద బండ్లు పాకేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. అమెరికాలో ఫోర్డ్ మావెరిక్ అనే చిన్న ట్రక్కు 2022 మోడల్ నుంచే హైబ్రిడ్‌లో వస్తోంది. మన దగ్గర హైబ్రిడ్ ఎక్కువగా కార్లకే వచ్చింది. నీకు కావలసిన చోటా హాథీ లాంటి చిన్న సరుకు బండ్లు పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ, కరెంటుతోనే దొరుకుతాయి. లేనిదాని కోసం వ్యాపారం ఆపుకోకు.

కంపెనీ బిగించిన సీఎన్‌జీ బండి తీసుకో. లాగుడు కాస్త తగ్గుతుంది, సిలిండర్ బరువు వల్ల సరుకూ కాస్త తగ్గుతుంది. అయినా రోజూ గురుగ్రామ్ నుంచి ఇటు తిరిగేవాడికి గ్యాసే గిట్టుబాటు. బంకుల దగ్గర లైను ఉంటుంది, ఓర్చుకోవాలి. 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలన్నాక, 2001లో ఆ లైన్లు ఎలా ఉండేవనుకున్నావు! నేను స్కూలు వ్యాను తోలే రోజులు. రాత్రి పదింటికి లైన్లో పెడితే తెల్లారి వంతు వచ్చేది. మీ అత్తయ్య పులిహోర కట్టిచ్చేది. ముందు బండివాడూ నేనూ పంచుకు తినేవాళ్లం.

ఇక నా అసలు భయం. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో గట్టితనం చూసే పరీక్ష, చేయించాలి. అందులో గ్యాసు రెండువందల బార్ ఒత్తిడితో ఉంటుంది. మన స్కూటర్ టైరులో గాలి రెండు బార్ చిల్లరే. ఒకసారి నేనూ నీలాగే చవగ్గా వస్తోందని పాత సీఎన్‌జీ వ్యాను కొన్నాను, సిలిండర్ మీద టెస్టు తేదీ ఉండే ప్లేటు చూడలేదు. పిల్లల్ని ఎక్కించుకుని బంకుకు వెళితే, గ్యాసు పట్టే కుర్రాడు తేదీ చూపించి పట్టనన్నాడు. గడువు దాటి పద్నాలుగు నెలలు. వెనక పదకొండు మంది పసిపిల్లలు. ఆ రోజు స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికాయి. ఇప్పటికీ బంకు ముందు నుంచి వెళితే ఆ పిల్లల ముఖాలే కనిపిస్తాయి.

అందుకే చెబుతున్నాను నాన్నా. బయట కిట్టు వద్దు. గ్యాసు పట్టేటప్పుడు ఎంత వాన కురుస్తున్నా బండి దిగి దూరంగా నిలబడు. టెస్టు తేదీ క్యాలెండరులో రాసుకో, నేనూ ఇక్కడ రాసుకుంటాను. వేళకు తింటున్నావా? చిక్కిపోయావని అక్క బాధపడింది. ఆదివారం రా, అత్తయ్య గోంగూర పచ్చడి చేసి ఉంచింది.

డబ్బు తక్కువైతే నన్ను అడుగు, మొహమాటపడకు. ఏ బండి ఖాయం చేసుకున్నా, సిలిండర్ ప్లేటు ఫొటో ముందు నాకు పంపు. నేను చూశానన్నాకే సంతకం పెట్టు.

మీ మామయ్య