నిడుగల్లు పిల్లలు నేర్చుకోవాల్సిన పర్యావరణ శాస్త్రం

పది పాసై పర్యావరణ శాస్త్రం వైపు వెళ్లాలనుకునే విద్యార్థికి ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష రాయడానికి యూపీఎస్సీ అడిగే డిగ్రీ సబ్జెక్టుల జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, భూగర్భశాస్త్రం, పశుసంవర్ధక-పశువైద్య శాస్త్రం, వీటిలో ఒకటైనా డిగ్రీలో చదివి ఉండాలి. లేదంటే వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ పట్టాల్లో ఏదో ఒకటి ఉండాలి. చాలామందికి ఈ సంగతి డిగ్రీ మూడో ఏడు అయ్యాక గాని తెలియదు. అప్పటికి దారి మళ్లించుకోవడం కష్టం.

పర్యావరణ శాస్త్రానికి పునాది కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ, లెక్కలు. ఆ పునాది వేసుకోవాల్సింది హైస్కూల్లోనే. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని చెప్పింది. 2003లో మళ్లీ కలగజేసుకుని, సిలబస్ తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. అయినా చాలా బడుల్లో ఈ చదువు పర్యావరణ దినోత్సవమైన జూన్ 5న మొక్క నాటడం, చార్టు మీద భూగోళం గీయడం దగ్గరే ఆగిపోతోంది. మొక్క నాటడం మంచి పనే. కానీ అది పిల్లవాడి చేత లెక్క చేయించదు, పరీక్ష చేయించదు. ఉద్యోగంలో అడిగేది ఆ రెండింటినే.

నిడుగల్లులో చదివే పిల్లలకు ఈ విషయంలో పెద్ద నగరాల పిల్లలకు లేని వీలుంది. నిడుగల్లు ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది. చాలా ఇళ్లలో తెలుగు, బళ్లో కన్నడ. నేల గట్టి రాయి, వాన తక్కువ, బోర్లు లోతు. ఉత్తర పినాకిని నాగలమడక మీదుగా ఈ తాలూకాలోంచే పోతుంది గాని నీళ్లతో కనబడే రోజులు తక్కువ. నిడుగల్లు చోళులు కొండ మీద కోట కట్టి ఏలిన కాలం నుంచి ఇక్కడి బతుకంతా వాన నీటిని ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. పాఠ్యపుస్తకంలో బొమ్మలుగా వచ్చేవన్నీ ఇక్కడ బడి గోడ దాటితే చాలు, కళ్లెదుటే ఉంటాయి.

మొదట నేర్చుకోవాల్సింది నీటి పరీక్ష రిపోర్టు చదవడం. ఈ తాలూకా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాత సమస్య. తుంగభద్ర నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చే పథకం అవసరమైంది అందుకే. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ఈ రెండు అంకెలూ బట్టీ పట్టడం తేలిక. వాటి వెనకున్న లెక్క అర్థం కావాలి. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లను ఇంటి పట్టున ఉండే మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 6 మిల్లీగ్రాములు. అదే నీళ్లను మే నెల ఎండలో చేలో పనిచేసే మనిషి ఐదు లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు. నీళ్లు ఒక్కటే, దెబ్బ మాత్రం కూలి చేసే మనిషికి రెండున్నర రెట్లు. ఆరో తరగతి గుణకారంతో ఇంత తెలుస్తుంది.

ఫ్లోరైడ్ రాళ్లలోంచి ఎందుకొస్తుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. గ్రానైటు జాతి రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలుంటాయి. పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిస్తే వాటిలోని ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా కరుగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి గడ్డకడుతుంది. కాల్షియం తగ్గి బైకార్బొనేటు పెరిగితే నీళ్లలోనే మిగిలిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో పలచబడే అవకాశమూ తక్కువే. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందనే నమ్మకం ఊళ్లలో ఇంకా ఉంది. కాచితే నీరు ఆవిరై, మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. ఈ ఒక్క మాట ఇంట్లో అర్థమయ్యేలా చెప్పగలిగిన తొమ్మిదో తరగతి పిల్ల, చదివిన సైన్సుకు సార్థకత తెచ్చినట్టే. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద మచ్చలు ఏర్పడేది, చిగుళ్ల లోపల పళ్లు తయారవుతున్న ఎనిమిదేళ్ల లోపు వయసులో. అంటే హైస్కూలు పిల్లల పళ్లకు జరగాల్సింది జరిగిపోయింది. వాళ్లు నేర్చుకున్నది కాపాడేది చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ.

ఫ్లోరైడ్ సమస్య చరిత్రలో తెలుగు ఊళ్ల పేర్లు చాలా ఉన్నాయి. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించి రాసింది నాటి నెల్లూరు జిల్లాలో. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందిస్తే దానికి నల్గొండ పేరే నిలిచింది. పటిక నీటిలో ముద్దగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. దీన్ని బడి ప్రయోగశాలలో బీకరులో చేసి చూడవచ్చు. చేశాక ఇంకో ప్రశ్న అడగాలి: అడుగున మిగిలిన ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలి? ఊళ్లో ఆర్వో ప్లాంటు వదిలేసే ఉప్పు నీటి సంగతీ ఇదే. పర్యావరణ ఇంజనీరు ఉద్యోగంలో సగం ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

వాన లెక్క కూడా ఇప్పుడే రావాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల బడి కప్పు మీద ఏడాదికి 500 మిల్లీమీటర్లు పడితే 50,000 లీటర్లు. ఐదో వంతు వృథా పోయిందనుకున్నా 40,000 లీటర్లు మిగులుతాయి. వానమాపకం ఖరీదైనదేమీ కాదు. పక్కలు నిటారుగా ఉన్న డబ్బా, స్కేలు చాలు. పక్కనే ఒక బావిలోనో బోరులోనో నెలకోసారి నీటిమట్టం కొలిచి, ఎనిమిది నుంచి పది దాకా మూడేళ్లు నోటుబుక్కులో రాసిన విద్యార్థి చేతిలో నిజమైన రికార్డు ఉంటుంది. చెరువు మరవ పారిన ఏడు, పారని ఏడు మట్టం ఎలా మారిందో గ్రాఫు గీయొచ్చు. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా సర్టిఫికెట్ల కట్ట కంటే ఈ నోటుబుక్కుకే విలువ ఎక్కువని నా గట్టి నమ్మకం.

నీటి తర్వాత నేర్చుకోవాల్సిన రెండోది సౌర విద్యుత్తు. ఇదే తాలూకాలో తిరుమణి చుట్టూ ఐదు ఊళ్ల భూముల్లో 13,000 ఎకరాల సోలార్ పార్కు ఉంది. 2018లో మొదటి దశ మొదలై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. ప్రపంచంలోని పెద్ద సోలార్ పార్కుల్లో ఇదొకటి. ఏడాదిలోని గంటలన్నిటికీ సగటున 22 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే ఎన్ని యూనిట్లు వస్తాయి? 2,050ని 8,760తో హెచ్చించి, అందులో 22 శాతం తీసుకుని, మెగావాట్లను కిలోవాట్లు చేయడానికి వెయ్యితో హెచ్చిస్తే సుమారు 395 కోట్ల యూనిట్లు. మెగావాటుకూ యూనిటుకూ తేడా తెలియని వాళ్లు డిగ్రీ చదివిన వాళ్లలో కూడా ఉన్నారు. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ రావాలి గదా అనిపిస్తుంది. కానీ పలక వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి ఇంచుమించు 0.4 శాతం తగ్గుతుంది. ఫిజిక్సు పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ సోలార్ పార్కుకో సామాజిక లెక్క కూడా ఉంది. అక్కడ ప్రభుత్వం భూములు కొనలేదు, కౌలుకు తీసుకుంది. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పదేళ్లు గడిచేసరికి అది సుమారు 26,800 అవుతుంది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, 21,000కు అప్పుడు సమానమైన మొత్తం సుమారు 34,200. చక్రవడ్డీ పాఠం చదివిన ప్రతి పిల్లవాడూ ఈ తేడాను తండ్రికి చూపించగలగాలి. వేరుశనగ ఏటా ఎండిపోయే నేలకు నికరమైన కౌలు రావడం రైతుకు ఆసరానే, కాదనను. కానీ ఆ చేలల్లో కూలి చేసిన భూమిలేని వాళ్లకు కౌలు రాదు, మేకలు మేపుకున్న వాళ్లకు మేత భూమి తగ్గింది. పలకలు కడగడానికి నీళ్లూ కావాలి. మంచి ప్రాజెక్టుకు కూడా నష్టపోయేవాళ్లుంటారనీ, వాళ్లను లెక్కలోకి తేవడమే పర్యావరణ మదింపు అనీ ఇక్కడ నేర్చుకోవచ్చు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ కింద ఇలాంటి సోలార్ ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదు. అది సరైనదేనా అన్న చర్చ తరగతి గదిలో జరగాలి.

బీడు అని తీసిపారేసే గడ్డి నేలల సంగతి కూడా తెలియాలి. పక్క మధుగిరి తాలూకాలో మైదనహళ్లి దగ్గర కృష్ణజింకల రక్షిత ప్రాంతం అలాంటి గడ్డి మైదానమే. అక్కడ చెట్లు నాటితే జింకలకు చోటు తగ్గుతుంది. చట్టాల్లో 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, గ్రామసభ అధికారాలు, ఇంతవరకు తెలిస్తే హైస్కూలుకు చాలు.

ఇక దారులు. పదితోనే పని కావాలనుకుంటే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి, ఆపై సూర్యమిత్ర అనే సోలార్ శిక్షణ తీసుకుంటే సోలార్ ప్లాంట్లలో టెక్నీషియన్‌గా చేరవచ్చు. గడ్డి కోయడానికీ పలకలు తుడవడానికీ మాత్రమే స్థానికులను పిలిచే పరిస్థితి మారాలంటే ఈ మెట్టు ఎక్కక తప్పదు. పీయూసీకి వెళ్లేవాళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ తీసుకుంటే ఏ తలుపూ మూసుకుపోదు. వ్యవసాయ డిగ్రీకి కర్ణాటక సీఈటీలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా, దానికి ప్రాక్టికల్ పరీక్ష ఉన్నాయి. చేలో పెరిగిన పిల్లలు దాన్ని వదులుకోకూడదు. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తే యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజిస్టు కావచ్చు. నా దృష్టిలో ఈ ప్రాంతపు పిల్లలకు అన్నిటికంటే సరిపోయే ఉద్యోగం అదే. బోరు ఎక్కడ ఎండిందో చెప్పే రైతుతో కన్నడంలోనూ తెలుగులోనూ మాట్లాడగలిగే శాస్త్రవేత్త పావగడకూ కావాలి, సరిహద్దు అవతల ఆంధ్రలోని మడకశిరకూ కావాలి. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగు, కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగాలు, నీటి పరీక్షశాలలు, పరిశోధన వంటి దారులూ ఉన్నాయి. గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపరు 2021 నుంచి ఉంది.

సైన్సు మాస్టార్లకు ఒక విన్నపం. ఈ ఏడు ప్రతి తొమ్మిదో తరగతి చేతా ఊళ్లోని నీటి వనరులన్నిటినీ ఫీల్డ్ కిట్‌తో పరీక్ష చేయించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయించండి. విద్యార్థులకు చెప్పేది ఇంకా చిన్నది: పీయూసీ దరఖాస్తు నింపేటప్పుడు కెమిస్ట్రీని వదలకండి.