అద్దాల మధ్య నీటిపొగ: తప్పు ఎవరిదో తేల్చాల్సింది మీరు కాదు

ప్రశ్న: మాది ఆమదాలవలస. ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. మోత తగ్గుతుందని రెండేళ్ల కిందట లక్షా డెబ్బై వేలు పోసి డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టించాం. ఈ వానాకాలం రెండు కిటికీల్లో అద్దాల మధ్య నీటిపొగ కమ్మేసింది. బిగించడంలోనే తేడా జరిగిందని కంపెనీ వాళ్లంటున్నారు. బిగించినాయన అద్దమే మంచిది కాదంటున్నాడు. పదేళ్ల వారంటీ కార్డు ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి చూసుకోండి. ఏసీ వేసిన గదికి వానాకాలంలో అద్దం బయటి వైపున తేమ పట్టడం మామూలే. గుడ్డతో తుడిస్తే పోతుంది, అది లోపం కాదు. రెండు వైపులా తుడిచాక కూడా మసక అలాగే ఉంటే తేమ లోపలికి చేరినట్టే. సీలు విడిపోయిందన్నమాట.

ఈ రెండద్దాల మధ్య అంచు చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని కడుపులో తేమను పీల్చే గుళికలుంటాయి. పట్టీని అద్దాలకు అంటిస్తూ బ్యూటైల్ పొర, దాని వెలుపల పాలీసల్ఫైడ్ లేదా సిలికాన్ పొర. సీలు కొద్దిగా వదులైతే గుళికలు కొంతకాలం ఆదుకుంటాయి. అవి నిండిపోయాక వచ్చిన తేమంతా అద్దం మీద తేలుతుంది. లోపం మొదలైన చాలా రోజులకు గానీ మన కంటికి కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఫ్యాక్టరీలోనే సీలు సరిగా పడకపోవచ్చు. కానీ కొత్త కిటికీ ఇంత తొందరగా పాడైతే బిగింపును కూడా తప్పక అనుమానించాలి. ఫ్రేము అడుగున వాననీరు బయటికి పోయే చిల్లులుంటాయి. ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ సిమెంటుతోనో, రంగులేసేవాళ్లు పుట్టీతోనో వాటిని మూసేస్తారు. అద్దం చిన్న ప్లాస్టిక్ దిమ్మల మీద కూర్చోవాలి. అవి పెట్టకపోతే అంచు నీళ్లలో నానుతూనే ఉంటుంది, నానిన సీలు పట్టు వదులుతుంది. కిటికీ గట్టు లోపలికి వాలి ఉన్నా, రసమట్టం పెట్టకుండా ఫ్రేమును వంకరగా బిగించినా ఇదే తంతు. మన శ్రీకాకుళం జిల్లాలో వాన నిలువుగా మాత్రమే పడదు కదా. 2014 హుద్‌హుద్‌నూ, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానునూ చూసినవాళ్లకు గాలివాన అడ్డంగా ఎలా కొడుతుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ చిల్లులు మూయడం చిన్న పొరపాటు కానే కాదు.

ఇక చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అద్దం నాసిరకమైతే అది వస్తువులో లోపం. బిగింపు సరిగా లేకపోతే అది సేవలో లోపం. ఇల్లు కట్టడం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. కాబట్టి ‘ఫిట్టింగ్‌తో మాకు సంబంధం లేదు’ అన్న మాటకు మీరు బెదరనక్కర్లేదు. అమ్మిన షాపు, తయారుచేసిన కంపెనీ, బిగించినాయన, ముగ్గురినీ ఫిర్యాదులో ప్రతివాదులుగా చేర్చండి. తప్పు ఎవరిదో, ఎవరిది ఎంతో వినియోగదారుల కమిషన్ తేలుస్తుంది. ఒక్కరినే చేరిస్తే మాత్రం వాళ్లు లేనివాళ్ల మీదికి నెట్టి తప్పుకోవాలని చూస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కావాలనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోన్ నంబరు 15100. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. కేసుకు ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా కొన్ని తగాదాలు అక్కడే తెమిలిపోతాయి.

గడువు రెండేళ్లు. లోపం కనబడిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. ‘వచ్చే వారం మనిషిని పంపిస్తాం’ అంటూ వాళ్లు తిప్పుకుంటుంటే గడువు ఆగదు. పదేళ్ల వారంటీ ఉంది కదా అని నిమ్మళంగా కూర్చోకండి.

ఈ వారంలోనే ముగ్గురికీ ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. పొగ పట్టిన అద్దాన్నీ, ఫ్రేము అడుగునూ, మూసుకుపోయిన చిల్లులనూ తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. కొటేషన్, వారంటీ కార్డు, వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన ఆధారాలు ఒకచోట చేర్చండి. బిల్లు ఉందో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోయినా దిగులు పడకండి, అమ్మిన వస్తువుకూ చేసిన పనికీ బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టమే అనుచిత వ్యాపార విధానంగా లెక్కిస్తుంది. సాంకేతికంగా తేలాల్సినప్పుడు అద్దాన్ని ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ఇంజినీరుతో తనిఖీ చేయించమని కూడా మీరు కోరవచ్చు. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్నది ఐదు నెలల్లో తేలాలని చట్టం చెబుతుంది. నిజానికి అంతకన్నా ఆలస్యమవుతుంది, దానికి సిద్ధపడే దిగండి.

నోటీసు అందాక చాలాసార్లు కొత్త అద్దం వేస్తామంటూ వస్తారు. రానివ్వండి. అయితే అద్దం మార్చి బిగింపును అలాగే వదిలేస్తే రెండో వానాకాలానికి మళ్లీ పొగ పడుతుంది. చిల్లులు తెరుస్తామనీ, దిమ్మలు పెడతామనీ, గట్టు వాలు సరిచేస్తామనీ రాజీ కాగితంలో రాయించండి. పాత అద్దం పట్టుకెళ్తే రసీదు తీసుకోండి. పని పూర్తయ్యాక ఒక చెంబెడు నీళ్లు ఫ్రేములో పోయించి, అవి బయటికి కారడం మీ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.