శిశుసంరక్షణాలయము – ఇంటి వాతావరణము

తల్లి ఉద్యోగమునకు పోవుచు బిడ్డను సంరక్షణాలయమున విడిచిన యెడల ఆ బిడ్డ మనస్సు చెడునా? అనేక గృహములలో ఈ ప్రశ్న తల్లిపై నేరారోపణగా మారుచున్నది. తండ్రి ఉద్యోగమును గూర్చి ఇట్టి ప్రశ్నను ఎవ్వరును వేయరు! ఆ మాట యటుండ, ఈ విషయమై అమెరికా దేశమున జరిగిన దీర్ఘ పరిశీలన యొకటి కలదు.

1991లో అచ్చట పది ప్రాంతములలో జన్మించిన 1,364 మంది శిశువులను ఎన్నుకొని, వారిని ఇంటిలోను, సంరక్షణ లభించు చోట్లను, తదుపరి పాఠశాలలోను ఏండ్ల తరబడి పరిశీలించిరి. పదునైదవ నెలలో తల్లితో గల అనుబంధమును పరీక్షించిరి. క్రొత్త గదిలో తల్లి బిడ్డను కొంతసేపు విడిచిపోయి మరల వచ్చును. వచ్చిన తల్లిని చేరి బిడ్డ ఊరడిల్లునా, లేక మొగము త్రిప్పుకొనునా యని చూచెదరు. ఫలితము 1997లో ప్రకటితమయ్యెను. సంరక్షణాలయమున నుండుట మాత్రముచేత ఆ అనుబంధము సడలలేదు. అయితే బిడ్డ యేడ్పును, చూపును గ్రహించి స్పందించు గుణము తల్లియందు అల్పమై, దానికి తోడు బయటి సంరక్షణము నాసిరకమైనను, గంటలు హెచ్చినను, ఏర్పాట్లు ఒకటికి మించినను కీడు కనబడెను. లోటుమీద లోటు పడిన బిడ్డయే నష్టపోయెనన్నమాట.

నాలుగున్నర యేండ్లు వచ్చుసరికి మంచి సంరక్షణము పొందినవారికి భాషయందును, గ్రహణశక్తియందును కొంత మేలు కలిగెను. ఎక్కువ గంటలు గడపినవారిలో పెంకితనము, కలహశీలము కొంచెము హెచ్చుగనున్నవని సంరక్షకురాండ్రు తెలిపిరి. ఈ భేదములు స్వల్పములు. ఇంటి ప్రభావము వీనికంటె బలవత్తరమని తేలినది.

మంచి సంరక్షణమనగా రంగుల గోడలు, ఖరీదైన బొమ్మలు కావు. శిశువు "అత్త" యని పలికిన, "అవును, అత్త వచ్చినది, చేతిలో పండు తెచ్చినది" యని మాట పొడిగించు మనిషి యుండుట. పదిమంది పసివారిని ఒక్క ఆయాకు అప్పగించిన, ఆమె ఎంతటి సహృదయయైనను పాలు పట్టుటకును గుడ్డలు మార్చుటకునే ప్రొద్దు చాలదు; ఇక మాటలెక్కడివి? కావుననే ఆ పరిశీలకులు ఏడాదిన్నరలోపు శిశువులు ముగ్గురికి ఒకరు, రెండేండ్లవారు నలుగురికి ఒకరు, మూడేండ్లవారు ఏడుగురికి ఒకరు ఉండవలెనను ప్రమాణమును గైకొనిరి.

మన దేశమున 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీలు వెలసినవి. పౌష్టికాహారము, టీకాలు, ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య వాని ప్రధాన కార్యములు. తల్లి పని ముగియువరకు చంటిబిడ్డను కాచుటకై అవి ఏర్పడినవి కావు. 2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజన చట్టము, ఏబదిమంది లేక అంతకు మించి పనివారు గల సంస్థలు శిశుసంరక్షణాలయమును ఏర్పరుపవలెననియు, తల్లి దినమునకు నాలుగు పర్యాయములు బిడ్డను చూచివచ్చుటకు అనుమతింపవలెననియు విధించెను. పొలమున కలుపు తీయు తల్లికి అట్టి సంస్థ యేది? ఆమె బిడ్డ గట్టుమీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యెలలో, బడి మానిన అక్క కాపలాలో నుండును.