కలము నేర్పిన మాట

గ్రామసభలో మాటలాడవలసి వచ్చినపుడు పంచాయతీ సభ్యులలో పెక్కుమంది వెనుకాడుదురు. వక్తృత్వము పుట్టుకతో రావలెనని వారి తలంపు. కాని చదువుట, వ్రాయుట అను అలవాట్ల వలనను మాట చక్కబడును. మహాత్మాగాంధీ జీవితమే ఇందుకు నిదర్శనము.

గాంధీజీ స్వభావముచే బిడియస్థులు. లండనులో చదువుకొను కాలమున, శాకాహారుల సభలో తాము వ్రాసికొని పోయిన ప్రసంగమును చదువలేకపోగా వేరొకరు చదివి వినిపించిరి. బొంబాయిలో తమ మొదటి దావాయందు సాక్షిని ప్రశ్నించుటకు నోరు పెగలక, 30 రూపాయల ఫీజును తిరిగి తీసికొమ్మనిరి. 1893లో ప్రిటోరియాలో వ్యాపారమందలి సత్యమును గూర్చి, ముందుగా సిద్ధపడి, భారతీయుల యెదుట మాటలాడగలిగిరి. అయినను 1896లో బొంబాయి సభలో మరల కంఠము వణకెను.

ఇట్టివారి మాటకు సాన పట్టినది కలము. 1903లో దక్షిణాఫ్రికాలో వెలువడిన 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక భారమును వహించి, 1914 వరకు వారము వారము వ్రాయుచు వచ్చిరి. పాఠకుల ఉత్తరములు చదివిరి. ఆలోచింపని మాట, అతిశయోక్తి వ్రాయకుండుట అభ్యసించిరి. 1909లో ఓడపై వ్రాసిన 'హింద్ స్వరాజ్'లో పాఠకుడు ఆక్షేపించును, సంపాదకుడు బదులు చెప్పును. ఎదుటివారి ప్రశ్నను తానే ముందుగా వ్రాసికొనువాడు సభలో తడబడడు. తమ బిడియము తమకు మాటల పొదుపు నేర్పినదని గాంధీజీ ఆత్మకథలో చెప్పుకొనిరి.

ఇది మనకును పనికివచ్చు పాఠము. "వచ్చే నెలలో మీ వీధికి కొళాయి వస్తుంది" అని తొందరపడి అన్నమాట, బిందెలతో ఎదురుచూచు తల్లులకు వాగ్దానమగును. నిధులున్నవా, తీర్మానమైనదా అని చూడక పలికినచో పంచాయతీపై నమ్మకము పోవును.

కావున సభకు ముందుదినము తీర్మానముల పుస్తకమును, జమాఖర్చులను చదువుడు. చెప్పవలసిన రెండు మూడు సంగతులను మీ ఊరి మాటలలోనే వ్రాసికొనుడు. ప్రజలు అడుగదగిన ప్రశ్నలను, వాని జవాబులను క్రింద చేర్చుడు. ఇంటివారి యెదుట బిగ్గరగా చదివి, వారికి తెలియని మాటను కొట్టివేయుడు. చదువురాని సభ్యులు చదివించుకొని, తాము చెప్పి వ్రాయించుకొనవచ్చును.

సభలో కాగితము చూచి మాటలాడుటకు సిగ్గుపడనక్కరలేదు. తెలియని లెక్కను తెలిసినట్లు చెప్పుటకే సిగ్గుపడవలెను.