అధ్యయన పాఠము: వాడిన నీరు – ప్రజల మాట



ఒకసారి వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి వాడుకొనుట నేడు అనేక పట్టణములకు తప్పనిసరి యగుచున్నది. అయితే ఆ నిర్ణయము ఎవరు చేయవలెను? అధికారులు, ఇంజనీర్లు మాత్రమేనా? ఆ నీటితో బ్రతుకవలసిన జనులకు అందులో పాలు లేదా? రెండు ఊళ్ల అనుభవములను చూచి ఆలోచింతము.

1. కోలారు

మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్న కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారు నది లేదు. చెరువులు ఎండిపోయి, బోరుబావులు వెయ్యి అడుగుల లోతు దాటినవి. అందుచేత బెంగళూరు మురుగునీటిని రెండు దశలలో శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపు కె.సి. వ్యాలీ పథకము 2018 జూన్‌లో ఆరంభమైనది. భూగర్భజలమును పెంచుటయే దాని ఉద్దేశము. కాని మరుసటి నెలలోనే ఒక చెరువులో నురుగు కనబడెను. సంగతి కోర్టులకెక్కెను. రెండుమార్లు నీరు ఆగి, 2019లో మరల పారెను. బావులలో నీరు పెరిగెనని కొందరు సంతోషించిరి. మూడవ దశ శుద్ధియు కావలెనని మరికొందరు కోరిరి. చెరువులో ఇంకిన నీరే బావిలోనికి వచ్చును గనుక వారి కోరిక న్యాయమైనదే.

2. టూవూంబా

ఇది ఆస్ట్రేలియాలోని పట్టణము. కరవు వచ్చినందున, మురుగునీటిని మిక్కిలి శుద్ధిచేసి త్రాగునీటి జలాశయములో కలుపు పథకమును 2005లో ప్రకటించిరి. 2006 జూలై 29న ఓటింగు జరుగగా సుమారు 62 శాతము మంది వద్దనిరి. అట్టి శుద్ధి అసాధ్యమేమియు కాదు. సింగపూరులో అట్టి నీరు 2003 నుండి వాడుకలో నున్నది. అయితే టూవూంబా జనులను అడుగునప్పటికే పథకము సిద్ధమై యుండెను. అవుననుటయో కాదనుటయో తప్ప వారికి మరేమియు మిగులలేదు.

మనము నేర్చుకొనవలసినది

కోర్టు, ఓటు చివరి మెట్లు. గొట్టములు వేయక మునుపు జరుగు గ్రామసభ, వార్డు సభ మొదటి మెట్టు. ప్రకటనలు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వచ్చును. చదువగలిగిన యౌవనులు వాటిని పెద్దలకు తెలుగులో వివరింపవలెను. పొరుగు రాష్ట్రములో నున్నామని మనము వెనుకదీయరాదు. ఆ బావి నీరు త్రాగువారిలో మన బిడ్డలును ఉన్నారు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరి మురుగునీరు ఎక్కడికి పోవుచున్నది?
2. దానిని ఎన్ని దశలలో శుద్ధిచేయుచున్నారు? దేనికి వాడుచున్నారు?
3. ఎవరు పరీక్షించుచున్నారు? ఫలితములు అందరికి కనబడునట్లు ఎక్కడ ఉంచుచున్నారు?
4. నీరు చెడిన యెడల వెంటనే ఆపు అధికారము ఎవరిది?