చెరువుకట్ట భద్రత - పంచాయతీ బాధ్యత

నాగార్జునసాగరు కుడికాలువ వచ్చినంత మాత్రమున ఎడ్లపాడు ప్రాంతమున చెరువుల అవసరము తీరిపోలేదు. పశువులకు, బావులలో ఊటకు చెరువు నీరు ఆధారము. కొండవీటి కొండలపై కురిసిన వాన వేగముగా దిగువకు వచ్చును. కావున పాత మట్టికట్టల క్షేమమును పంచాయతీ సభ్యులు కనిపెట్టియుండవలెను.

మట్టికట్టకు శత్రువులు ముఖ్యముగా రెండు: కట్టమీదుగా పొర్లు నీరు, కట్టలోనుండి ఊరు నీరు.

2021 నవంబరు 19వ తేదీన రాజంపేట సమీపమున చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మొదటిదానికి బలియైనది. ఎగువనున్న పింఛా జలాశయపు కట్ట తెగి వరద హెచ్చినది. అన్నమయ్య గేట్లలో ఒకటి పనిచేయలేదు. నీరు మట్టికట్టపై పొర్లి దానిని కోసివేసినది. దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి.

చిన్న చెరువునకు అలుగే రక్ష. ఎక్కువ నీరు నిలుపవలెనని అలుగుపై ఇసుక బస్తాలు పేర్చుట, అలుగు కాలువను ఆక్రమించి సాగుచేయుట ఊరికి గండి తెచ్చుటయే. కొందరికి ఒక తడి అదనముగా దక్కవచ్చును. కట్ట తెగినచో నీరును దక్కదు, పొలమును దక్కదు. ఇందు మొగమాటమునకు తావీయరాదు.

రెండవ ప్రమాదము బుంగ. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనము కట్టనుండి నీరు ఊరుటను చెరువు దోషములలో చేర్చినది. ఎలుకల, ఎండ్రకాయల బొరియలు, కుళ్ళిన చెట్ల వేళ్ళు, తూము ప్రక్క వదులైన మన్ను నీటికి దారులగును. ఊట తేటగానుండి, పెరుగకున్నచో దినదినము చూచుచుండవలెను. బురదగా వచ్చినచో కట్ట మన్ను లోపల కొట్టుకొనిపోవుచున్నదని గ్రహింపవలెను. వెలుపలి బుంగ నోటిని జిగటమన్నుతో మూయరాదు. నీరు వేరొక దారి చేసికొనును. దానిపై ముందు ఇసుక, పిమ్మట కంకర, ఆపై రాళ్ళు వేసినచో నీరు పోవును, మన్ను నిలుచును. తూము తెరచి నీటిమట్టము తగ్గింపవలెను. దిగువ ఇండ్లవారిని తరలించి, ఇంజనీరునకు, తహశీల్దారునకు తక్షణమే తెలుపవలెను.

ఏటేట చేయవలసినవి:

1. వానలకు ముందు కట్ట ఈ కొననుండి ఆ కొనవరకు నడచి చూడవలెను. క్రుంగిన చోట్ల మన్నుపోసి, తడిపి, దిమ్మిస కొట్టింపవలెను.

2. బొరియలు త్రవ్వి పూడ్పవలెను. తుమ్మ మొక్కలను లేతగా నున్నపుడే పెరికివేయవలెను. పెద్ద చెట్లను ఇంజనీరు సలహాపై నీరు తగ్గిన వేసవిలో వేళ్ళతో తీసి, గుంటలు గట్టిగా పూడ్పవలెను.

3. తూము తలుపు ఎత్తి దింపి చూడవలెను. అలుగు కాలువ పూడిక తీయింపవలెను.

4. భారీ వాన కురిసిన రాత్రులందు కావలికి మనుష్యులను నియమింపవలెను.

చూచినదెల్ల తేదీతో పుస్తకమున వ్రాసియుంచి, నీటి వినియోగదారుల సంఘముతో కలసి చర్చింపవలెను. వేసవిలో గంపెడు మన్నుతో తీరు పని వరదలో ఊరంతయు కూడినను తీరదు.