విద్యాసముద్దేశమున ఆచార్యులెవరు? – వాత్స్యాయనుని కామశిక్షావిధానమును గూర్చి ఒక పరిశీలనము

కామసూత్రములు 7 అధికరణములు, 36 అధ్యాయములు, 64 ప్రకరణములు గల గ్రంథము. అందు సాంప్రయోగికమను రెండవ అధికరణమొక్కటే లోకమున వ్యాప్తి నొందినది. బర్టన్, అర్బత్‌నాట్‌లు 1883లో అచ్చొత్తించిన ఆంగ్లానువాదము తరువాత దేశాంతరములందును, కొక్కోకమను పేరుతో బస్సుస్టాండు అంగళ్లలో అమ్ముడుపోయిన చిల్లర పుస్తకముల మూలమున మన తెలుగునాటను ఈ శాస్త్రమునకు కలిగిన కీర్తి అట్టిది. కొక్కోకుని రతిరహస్యమునకును ఆ పుస్తకములకును ఎంత దూరమో, రతిరహస్యమునకును వాత్స్యాయనునకును ఇంచుమించు అంత దూరము కలదు. పద్మినీ చిత్రిణ్యాది జాతివిభాగము వాత్స్యాయనునియందు లేనేలేదని చెప్పినచో నేటికిని ఆశ్చర్యపడు పండితులున్నారు.

ప్రస్తుతవ్యాసమునకు విషయము మొదటి అధికరణమునందలి మూడవ అధ్యాయము. దీనికి విద్యాసముద్దేశమని పేరు. ఈ విద్యను ఎవరు, ఎప్పుడు, ఎవరివలన నేర్వవలెనను ప్రశ్నకు ప్రాచీనభారతమున ఇంత స్పష్టముగా సమాధానము చెప్పిన గ్రంథము వేఱొకటి నా యెఱుకలో లేదు.

శాస్త్రమేల అను ఆక్షేపము దీనికి ముందరి అధ్యాయముననే వచ్చినది. పశుపక్ష్యాదులు ఎవరును నేర్పకయే ప్రవర్తించుచున్నవి గదా, కామమునకు శాస్త్రమెందులకని పూర్వపక్షము. వాత్స్యాయనుని సమాధానము సూక్ష్మమైనది. స్త్రీపురుషుల సంయోగము పరస్పరాధీనము; ఒకరి యిచ్ఛ మాత్రమున సిద్ధించునది కాదు. పరాధీనమైన దానికి ఉపాయము కావలెను, ఉపాయమును శాస్త్రము వలన తెలిసికొనవలెను. తిర్యక్కులకు ఆవరణము లేదు, ఋతుకాలనియమము కలదు, ఆలోచనాపూర్వకమైన ప్రవృత్తి లేదు. కావున వానికి ఉపాయముతో పనిలేదు. అనగా ఎదుటి వ్యక్తికిని ఒక మనస్సున్నదను విషయమే ఈ శాస్త్రమునకు పుట్టుక. కామశాస్త్రమనగా భోగవర్ణనమనుకొనువారు ఈ ఒక్క ఘట్టమునైన చదువవలెను.

ఇక మూడవ అధ్యాయము. పురుషుడు ధర్మార్థవిద్యల కాలమునకు భంగము రానీయక కామసూత్రమును, తదంగవిద్యలను అభ్యసింపవలెను. స్త్రీ యౌవనమునకు పూర్వమే నేర్వవలెను. వివాహిత యైనచో భర్త యభిప్రాయమును బట్టి నేర్వవలెను. ఈ రెండు విధులను కలిపి చదివినప్పుడు గ్రంథకర్త ఆశయము తెలియుచున్నది. వివాహానంతరము చదువునకు ఇంకొకరి అనుమతి యవసరము; అందువలన స్వతంత్రముగా నేర్చుకొనగల కాలము పుట్టినింటనున్న కాలమే. ఇచట చెప్పబడినది జ్ఞానము గాని అనుష్ఠానము గాదు. విద్య ముగియువఱకు బ్రహ్మచర్యమే యని అంతకు ముందే చెప్పియున్నాడు గదా.

దీనిపై ఆచార్యుల ఆక్షేపమొకటి. స్త్రీలకు శాస్త్రగ్రహణము లేదు గనుక వారికి ఉపదేశము వ్యర్థమని వారందురు. వాత్స్యాయనుడు దీనిని అంగీకరింపడు. వారికి ప్రయోగజ్ఞానము కలదు, ప్రయోగమునకు మూలము శాస్త్రమే అని అతని వాదము. లోకమంతట శాస్త్రజ్ఞులు కొందఱే, ప్రయోగమో సర్వజనవిషయము. వ్యాకరణమెఱుగని యాజ్ఞికులును క్రతువులందు ఊహ చేయుచున్నారు. జ్యోతిషమెఱుగనివారును పుణ్యదినములందు కర్మలు చేయుచున్నారు. గజాశ్వశాస్త్రములు చదువనివారును ఏనుగులను గుఱ్ఱములను ఎక్కుచున్నారు. అంతియే గాక గణికలు, రాజపుత్రికలు, మహామాత్రుల కుమార్తెలు శాస్త్రముచే పదునెక్కిన బుద్ధి గలవారు ఉండనే యున్నారు అని ముగించినాడు.

ఈ దృష్టాంతములలో మొదటిదాని యొద్ద పాఠశాలలో చదివినవాడు కొంత ఆగక తప్పదు. అగ్నిదేవతాకమైన మంత్రమును సూర్యునకు వినియోగించునప్పుడు ‘అగ్నయే’ అను పదమును ‘సూర్యాయ’ అని మార్చుట ఊహ. వ్యాకరణమెఱుగని యాజ్ఞికుడు దీనిని గురుపరంపరచే చేయగలడు, నిజమే. కాని పతంజలి పస్పశాహ్నికమున వ్యాకరణాధ్యయనమునకు చెప్పిన ప్రయోజనములలో రక్ష తరువాత రెండవది ఈ ఊహయే. లింగవిభక్తులను మార్చుట వైయాకరణుడు గానివానికి చేతకాదని మహాభాష్యకారుని తాత్పర్యము. కావున వాత్స్యాయనుని దృష్టాంతము అతడనుకొన్నదాని కంటె ఎక్కువగా సాధించుచున్నది. శాస్త్రము లేకయు పని జరుగును. అది తప్పుగా జరిగినను జరిగినట్లు తెలియదు. యజ్ఞమున స్వరము తప్పినచో ప్రాయశ్చిత్తమున్నది. సంసారమున తప్పినదానిని ఎవరికిని చెప్పుకొనుటయే లేదు.

నా చదువు ఇట్లే జరిగినది. మా పాఠశాలలో కుమారసంభవమును ఏడవ సర్గ వఱకు చెప్పి పుస్తకము మూయించెడివారు. ఎనిమిదవ సర్గ సంగతి యేమని అడిగినచో “పెండ్లి అయిన పిమ్మట చదువుకొందువులేరా” అని నవ్వెడివారు. పెండ్లి అయినది. చదువుకొనుటకు గురువు లేడు. వివాహమునాటికి ఈ విషయమున నాకు తెలిసినవి అలంకారములు మాత్రమే. మా ఇంటి యామెకు అవియును తెలియవు. ఆ మొదటి సంవత్సరమున ఇరువురమును ఎంత భయముతో, ఎంత మౌనముతో గడిపితిమో నలువది యేండ్ల తరువాత గాని ఆమె నాతో చెప్పలేదు. అప్పటికి కామసూత్రములపై రెండు వ్యాసములు వ్రాసినవాడను నేను.

ఆచార్యులెవరను ప్రశ్నకు వత్తము. విశ్వసనీయుడైన వాని వలన, రహస్యమున, ప్రయోగములను గాని శాస్త్రమును గాని శాస్త్రైకదేశమును గాని గ్రహింపవలెనని సామాన్యవిధి. కన్యకు ఆచార్యులుగా ఆరుగురు లెక్కింపబడినారు. తనతో కూడ పెరిగి, పురుషసంపర్కమెఱిగిన దాదికూతురు. అట్టిదే యయి దోషము లేకుండ మాటలాడదగిన చెలికత్తె. ఈడుకు సమానమైన పినతల్లి. ఆమెకు బదులుగా నిలుపదగినంత నమ్మకమైన ముసలి దాసి. పూర్వపరిచయము గల భిక్షుకి. విశ్వాసము గల యక్కగారు.

ఈ పట్టికలో లేనివారిని గమనింపవలెను. తల్లి లేదు. తండ్రి లేడు. గురుకులమునందలి యుపాధ్యాయుడు లేడు. భర్తయు లేడు. దండించు అధికారము గాని, సిగ్గుపడవలసిన గౌరవము గాని అడ్డముగా నున్నచోట ఈ విద్య సాగదని గ్రంథకర్త యెఱుగును. పినతల్లికి సమవయస్కత్వమను విశేషణమును తగిలించుటలో ఎంత లోకజ్ఞానమున్నది! మన ఇండ్లలోను అమ్మతో చెప్పలేనిది పిన్నితో చెప్పుకొనుట నిన్న మొన్నటి వఱకు ఉన్న ఆచారమే. కాని ఆ పిన్ని వేఱొక నగరమున కాపురముండ, దాదియు దాసియు అసలే లేని యీ దినములలో, ఈ ఆరు స్థానములును ఖాళీగా నున్నవి. ఖాళీ స్థానమును చేతిలోని ఫోను నింపుచున్నది. అది విశ్వసనీయమా యని అడుగువారు లేరు.

నేర్పవలసినదేమి? దీనికి కన్యాసంప్రయుక్తకమను మూడవ అధికరణమునందలి రెండవ అధ్యాయము, కన్యావిస్రంభణము, చూడదగినది. వివాహానంతరము మూడు రాత్రులు దంపతులకు బ్రహ్మచర్యము. మూడు రాత్రులును స్తంభమువలె పలుకక యున్నచో కన్య విసిగి వరుని తృతీయప్రకృతిగా నెంచి అవమానించునని బాభ్రవీయులు. బ్రహ్మచర్యమును మీఱక విశ్వాసమును మాత్రము కలిగింపవలెనని వాత్స్యాయనుని మార్గము. బలాత్కారముగా దేనిని చేయరాదు. స్త్రీలు పుష్పములవంటివారు, సుకుమారముగా సమీపింపదగినవారు. విశ్వాసము కలుగక మునుపే బలముచే సమీపింపబడినవారు సంప్రయోగమునే ద్వేషింతురు. పిదప సంభాషణక్రమము చెప్పబడినది. తాను తెలియనివానివలె చిన్న ప్రశ్న నడుగవలెను, బదులు రాకున్న మరల అడుగవలెను. తాను రుచించినాడా లేదా యని ఆమెనే యడుగవలెను. ఆమె చాలసేపటికి తల యూచును. మాట పెదవి దాటని కన్యలు పురుషుని మాటను మాత్రము విందురని ఘోటకముఖుని మతమును ఇచటనే యుదాహరించినాడు. ఈ యధ్యాయమంతయు నిర్మలమనుటకు వీలులేదు. పిల్లలను బెదిరించి లాలించునట్టి ఉపాయములు కొన్ని మధ్యలో కలవు. అయినను “అడుగవలెను” అను విధి శాస్త్రమున ఉండుట చిన్న విషయము కాదు.

భవభూతి దీనిని ఎట్లు గ్రహించెనో మాలతీమాధవము సప్తమాంకము చెప్పును. మాలతి వేషమున నున్న మకరందుని నందనుడు నూతనవధువనుకొని తొందరపడి సమీపించి పరాభవము పొందును. నందనుని చెల్లెలు మదయంతిక వధువును తప్పుపట్టగా, ఆ స్త్రీల సంభాషణలో కామసూత్రకారుల పేరు చెప్పియే ఈ పుష్పసామ్యము ప్రస్తావింపబడును. తప్పు వధువుది కాదు, వరునిది అని తీర్పు. ఈ నాటకముననే మాలతికి ధాత్రేయిక లవంగిక. వ్యవహారమంతయు నడుపునది పరివ్రాజిక కామందకి. ఆరుగురు ఆచార్యులలో ఇరువురు ఇట్లు రంగముపై దర్శనమిచ్చుచున్నారు.

తెలుగున దీనికి సాటి ముద్దుపళని రాధికాసాంత్వనము. తంజావూరి ప్రతాపసింహుని (1739–63) ఆస్థానమునకు చెందిన యీమె కావ్యమున, తాను పెంచిన ఇళను కృష్ణున కిచ్చి పెండ్లిచేసి, ఇళకు కర్తవ్యమును బోధించి, కృష్ణునికి ఆ బాలయందు మృదువుగా వర్తింపుమని హితవు చెప్పునది రాధయే. రసికులు శృంగారము నెంచిరి, నిందకులు అశ్లీలము నెంచిరి. విస్రంభణోపదేశము నెంచినవారు తక్కువ. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దీనిని పరిష్కరించి ప్రకటింపగా, 1911లో ప్రభుత్వము నిషేధించినది. నిషేధము తొలగిన తరువాత వావిళ్లవారి పునర్ముద్రణము 1952లో వెలువడినది.

వయస్సు విషయమున కామసూత్రములను ఆశ్రయించుట తగదు. వైద్యశాస్త్రము ఇచట మేలు. పదునాఱేండ్లు నిండని స్త్రీయందు ఇరువదియైదేండ్లు నిండని పురుషుని వలన కలిగిన గర్భము కుక్షియందే నశించును, లేక పుట్టినను చిరకాలము జీవింపదు, జీవించినను దుర్బలేంద్రియమగునని సుశ్రుతసంహిత శారీరస్థానము దశమాధ్యాయమున నున్నది. 1891లో సమ్మతివయస్సును 10 నుండి 12కు పెంచు చట్టము వచ్చినప్పుడు గర్భాధానసంస్కారమునకు భంగమని పెద్ద ఆందోళనము జరిగినది. రామకృష్ణ గోపాల భాండార్కరు పండితుడు ధర్మశాస్త్రవచనములనే ఉదాహరించి ఆ వాదమునకు ప్రత్యుత్తరము వ్రాసెను. 1929 నాటి శారదా చట్టము బాలికకు 14, బాలునకు 18 యని నిర్ణయించినది. నేడు స్త్రీకి 18 నిండనిదే, వివాహితయైనను, సంయోగము నేరమని 2017లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. సుశ్రుతుని కాలము నుండి 2017 వఱకు వచ్చుటకు మనకు ఎంత కాలము పట్టినదో!

2005లో పాఠశాలలందు కౌమారవిద్యాకార్యక్రమము ప్రారంభమైనది. 2007లో పలు రాష్ట్రములు దానిని నిరాకరించినవి. 2009లో రాజ్యసభ వినతుల సంఘమును దీనికి విముఖముగనే నివేదిక నిచ్చినది. మన సంస్కృతికి విరుద్ధమని చెప్పబడిన కారణములలో ముఖ్యమైనది. సంస్కృతి యను మాట వినబడినప్పుడు సంస్కృతము చదివినవాడు పలుకకుండుట న్యాయము కాదు. యౌవనమునకు పూర్వమే నేర్పవలెనన్న విధి మన శాస్త్రమునదే. 2024లో సర్వోన్నత న్యాయస్థానము సమగ్రమైన లైంగికవిద్య యావశ్యకమని చెప్పినది.

అట్లని శాస్త్రమంతయు ఉపాదేయమని నా మతము కాదు. అదే మూడవ అధికరణము ఐదవ అధ్యాయమున, కన్యకు మద్యము త్రాగించి, లేక నిద్రలోనున్న దానిని చేపట్టు విధానములు వివాహోపాయములలో వర్ణింపబడినవి. నేటి న్యాయమున ఇవి ఘోరాపరాధములు. నాడును పైశాచమని ధర్మశాస్త్రములు నిందించినవే. వీనిని దాచి తక్కినవానిని పొగడుట పాండిత్యము కాదు. శాస్త్రమున నున్నంత మాత్రమున ప్రయోగార్హము కాదని వాత్స్యాయనుడే వేఱొకచోట చెప్పి, వైద్యమున కుక్కమాంసమునకును రసవీర్యవిపాకములు చెప్పబడినవి గాని అది విజ్ఞులకు భక్ష్యమగునా యని దృష్టాంతము చూపినాడు. అతని కొలబద్దతోనే అతని గ్రంథమును కొలువవచ్చును.

కొన్నేండ్ల క్రిందట ఒక పాఠ్యప్రణాళికాసంఘమున విద్యాసముద్దేశమును పాఠముగా చేర్పుడని నేను ప్రతిపాదింపగా సభ్యులు నవ్విరి. ఒకరు నా వయస్సును గుర్తుచేసిరి. ప్రతిపాదము వ్రాతలోనికి ఎక్కలేదు. దానిని ఇచట మరల వ్రాయుచున్నాను. శాస్త్రైకదేశము చాలునని సూత్రకారుడే యనుమతించినాడు గనుక, భాషాప్రవీణ తరగతులకు మొదటి అధికరణము మూడవ అధ్యాయమును, మూడవ అధికరణము రెండవ అధ్యాయమును, సుశ్రుతశారీరము దశమాధ్యాయమును, మాలతీమాధవము సప్తమాంకమును పాఠ్యములుగా ఉంచవలెను. పైశాచఘట్టమును 2012 నాటి బాలరక్షణచట్టముతో పాటు చెప్పవలెను. విద్యార్థినులకు ఈ పాఠమును చెప్పునది అధ్యాపికయై యుండవలెను. వారికి ఈడులో దగ్గరిదైనచో మఱియు మంచిది. కుమారసంభవము ఎనిమిదవ సర్గను ఇకనైన తరగతిలోనే చెప్పవలెను.